అంకె కదలని వాగు

ఈ సోమవారం ఉదయం ఏడు గంటలకు ఖమ్మంలో మా వదిన చనిపోయింది. వయసు యాభై రెండు. ఏడాదిన్నరగా కిడ్నీల జబ్బు. సాయంత్రం తిరుమలాయపాలెం దగ్గర మా ఊళ్ళో దహనం జరిగింది. మా అన్నే చితికి నిప్పు పెట్టాడు.

చితి పేర్చే వేళకు ములకలపల్లి వైపు నుంచి ఒక కిరాయి జీపు వచ్చింది. అందులోంచి ఆడవాళ్ళు ఒకరి వెనుక ఒకరు దిగారు. దూరప్రయాణం చేసిన ముఖాలు. ఎవరినీ పలకరించలేదు, ఎవరినీ దారి అడగలేదు. నేరుగా వదిన దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. మా మేనమామ నన్ను పక్కకు పిలిచాడు.

"వీళ్ళెవర్రా? ఏ తరఫోళ్ళు?"

అప్పుడు చెప్పే తీరిక లేకపోయింది. చెప్పినా రెండు మాటల్లో అయ్యేది కాదు. ఇప్పుడు చెబుతున్నాను.

మా వదిన ఖమ్మంలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ లెక్చరర్. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో మిషన్లకు సర్క్యూట్లు గీసేది. పుట్టిల్లు మధిర వైపు. వాళ్ళ మాట కృష్ణా జిల్లా వాళ్ళ మాటకు దగ్గర. మా ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో మా అమ్మకూ ఆమెకూ మాటల పంచాయితీ రోజూ ఉండేది. "మీరు వచ్చిండు అంటారు, మేం వచ్చాడు అంటాం. వచ్చినవాడు ఒక్కడే కదా అత్తయ్యా, అన్నం పెట్టేద్దాం" అని ఒకరోజు తేల్చేసింది. పిలిచే తీరు రెండు, మనిషి ఒక్కడు. ఈ మాటనే చాలా ఏళ్ళ తర్వాత వేరే సంగతి చెప్పడానికి నా దగ్గర వాడింది. అది తర్వాత చెబుతాను.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. సర్క్యూట్ బోర్డు దేన్నైనా ముట్టుకునే ముందు కిటికీ ఊచను ఒకసారి పట్టుకునేది. ఒంట్లో ఉండే స్థిర విద్యుత్తు బోర్డు మీది చిప్పులను చంపకుండా ముందే ఇనుములోకి పోవాలని. ఇంట్లో పని బల్ల కిటికీ పక్కనే. మా అమ్మకు ఇది చాలాకాలం అర్థం కాలేదు. "దేవుని అర్రల దీపం పెట్టుమంటే తీరదు గాని, పొద్దున లేస్తే కిటికీకి మొక్కుడేందే కోడలా?" అనేది. వదిన నవ్వి, "ఈ దేవుడు వెంటనే పలుకుతాడు అత్తయ్యా" అనేది.

రెండో అలవాటు నాకు సంబంధించింది. నేను రాసిన వార్త పేపర్లో వచ్చిన రోజు పెన్సిల్ పట్టుకుని చదివేది. "అని తెలుస్తోంది", "అని సమాచారం" అన్న చోటల్లా గీత గీసేది. ఆ పేపరును నేను టిఫిన్‌కు కూర్చునే చోట పెట్టేది.

"ఏం విలేకరి గారూ, ఎవరికి తెలుస్తోంది?"

"అందరికీ వదినా. గట్లనే రాస్తరు."

"నీకు తెలుసా?"

"పక్కాగ తెల్వదు."

"అయితే తెలియదని రాయి అబ్బాయ్. తెలియదు అనేది కూడా ఒక సంగతే."

నేను ఈ వృత్తిలో నేర్చుకున్న పనికొచ్చే పాఠాల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది. ఆ మాట మీద ఆమె తాను ఎంత గట్టిగా నిలబడగలదో మాత్రం ఆ వాగు దగ్గరే చూశాను.

ములకలపల్లి అడవి అంచున ఒక వాగు ఉంది. అవతల ఒక గూడెం. ఇవతల పొలాలు, రోడ్డు, ఎత్తిపోతల సంఘం వాళ్ళ పంపుహౌస్. నడుమ చప్టా, అంటే నీళ్ళు పైనుంచి పారే పొట్టి సిమెంటు దారి. గూడెం ఆడవాళ్ళు నాట్లకు, కలుపుకు ట్రాక్టర్‌లో ఆ చప్టా దాటి పొలాలకు వచ్చేవారు. ఎగువ అడవిలో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు వచ్చేస్తుంది. వచ్చేదాకా తెలియదు. అంతకు ముందు అక్కడ మనుషులు కొట్టుకుపోయారు. వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ ఆ గూడెంలోనే ఉన్నారు.

ఐదారేళ్ళ కిందట, తొంభైల నడుమ, ఎత్తిపోతల సంఘం ప్రెసిడెంటు గారు ఒక ఆలోచన చేశారు. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబం మనిషి. పెద్దాయన, మంచి మనసు, కొత్త వస్తువంటే ఇష్టం. వాగుకు ఎగువన చెక్ డ్యాం దగ్గర ఒక గొట్టంలో బెండు వేయాలి. నీటితో పాటు బెండు లేస్తే, ఆ ఎత్తు తీగ మీదుగా పంపుహౌస్‌లోని కంప్యూటర్‌కు రావాలి. ఆపరేటర్ యాదగిరి ఆ అంకె చూసి బయట గుంజకు తెల్లగుడ్డో ఎర్రగుడ్డో కట్టాలి. తెల్లదైతే ట్రాక్టర్ దాటుతుంది, ఎర్రదైతే ఆగుతుంది. ఏర్పాటు ఇంతే. దాన్ని నడిపించేవాళ్ళు ఎవరా అని వెతుకుతూ ఆయన మా వదిన కాలేజీకి వచ్చారు.

కంప్యూటర్ ఒక ఆఫీసు తీసేసిన పాతది. బెండు ఎత్తును అంకెగా మార్చే కార్డు అంతకంటే పాతది, హైదరాబాద్‌లో పాత సామాను దుకాణంలో దొరికింది. దానితో వచ్చిన ప్రోగ్రాం మాటిమాటికీ బిగుసుకుపోయేది. వదిన దాన్ని తీసేసి, ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోంచి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించింది. ఆ కార్డుకు లినక్స్‌లో డ్రైవర్ లేదు. డ్రైవర్ అంటే కార్డుతో మాట్లాడే చిన్న ప్రోగ్రాం. తానే రాసింది.

అది ఎలా పనిచేస్తుందో నాకు అర్థమయ్యేదాకా చెప్పింది. కార్డు తాను కొలిచిన అంకెను తనలోనే ఉన్న కొద్దిపాటి మెమరీలో పెడుతుంది. ఆ మెమరీకి మిషన్‌లో ఒక చిరునామా ఉంటుంది. కానీ మిషన్‌ను నడిపే కెర్నెల్, అంటే లినక్స్ నడుమ ఉండే అసలు ప్రోగ్రాం, లోపల అందరికీ వేరే చిరునామాలు పంచుతుంది. కార్డు అసలు చిరునామాను కెర్నెల్ వాడే చిరునామాతో ముడిపెట్టాలి. దాన్ని మ్యాపింగ్ అంటారు. "మీ అమ్మ వచ్చిండు అంటుంది, నేను వచ్చాడు అంటాను. వచ్చినవాడు ఒకడేనని ఎవరో ఒకరు చెప్పాలిగా. ఆ చెప్పడమే ఇది" అన్నది.

అయితే మొదటి డ్రైవర్‌లో ఆమె ఆ ముడి వేయలేదు. అప్పటి కెర్నెల్‌లో అసలు చిరునామాను నేరుగా వాడినా పని జరిగిపోయేది. చాలామంది అలాగే రాసేవారు. ఆమె కూడా అలాగే రాసి, తీరిక దొరికినప్పుడు సరిచేద్దామనుకున్నది. ఒక వానాకాలం బాగానే గడిచింది.

మరుసటి ఏడు ఆషాఢంలో దాని గురించి వార్త రాద్దామని నేను వెళ్ళాను. కాలేజీకి సెలవు కావడంతో వదిన కూడా వచ్చింది. పొద్దున ఎనిమిదింటికే పంపుహౌస్ దగ్గర ప్రెసిడెంటు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురుచూస్తున్నారు.

"రండి రండి. ఫోటో తీయించండి బాబూ. అమ్మాయ్, మన మిషన్‌కి మెమరీ పెంచాం, చూశావా? ఎనిమిది ఉండేది, పదహారు చేయించా. నిన్న సాయంత్రమే కుర్రాళ్ళు వచ్చి బిగించి వెళ్ళారు. మా వంతుగా ఏదో ఒకటి చేయాలి కదా."

వదిన ఆయనకు నమస్కారం పెట్టి తెర ముందు కూర్చుంది. తెర మీద రెండు అడుగుల మూడు అంగుళాలు. ఎగువన మబ్బు నల్లగా పట్టి ఉంది. ఆమె కొంతసేపు తెరను చూసింది, తర్వాత కిటికీలోంచి మబ్బును చూసింది.

"యాదగిరీ, పొద్దున్నుంచి ఇదే అంకెనా?"

"అవ్ మేడం. నిన్న సందకాడ మిషన్ మళ్ళ చాలు చేసినకాడి నుంచి గిదే. మస్తు నిలకడగున్నది."

"వాగు నిలకడగా ఉంటుందా?"

"మెమరీ పెరిగింది గద మేడం. గందుకేనేమో."

ప్రెసిడెంటు గారు సంతోషంగా తలూపారు. వదిన నవ్వలేదు.

"ఎర్రగుడ్డ కట్టు."

"రెండడుగులకు ఎర్రదేంది మేడం?"

"అది రెండడుగులు కాదు యాదగిరీ. ఎంతో నాకు తెలియదు. కట్టు."

అతను ప్రెసిడెంటు గారి ముఖం చూశాడు. ఆయన నా కెమెరా చూశారు. వదిన లేచి, మూలనున్న ఎర్రగుడ్డ తీసుకుని తానే గుంజకు కట్టింది. అప్పటికే అవతలి గట్టున ట్రాక్టర్ ఆగి ఉంది. తెల్లగుడ్డ పోయి ఎర్రగుడ్డ వచ్చేసరికి ట్రాలీలోంచి ఒకామె లేచి నిలబడింది. ఆమె ఆ గుంపుకు మేస్త్రి, ముత్తక్క. వదిన చప్టా మొదలు దాకా నడిచింది. చప్టా మీద నీళ్ళు పాదాలు మునిగేంత ఉన్నాయి.

"ఓ మేడమా! అంకె ఎంతున్నది?"

"తెలియదు!"

"మిషన్ పెట్టుకున్నరు, తెల్వదంటరేంది?"

"మిషన్‌కే తెలియదు!"

"నీ కండ్లకు కనబడ్తలేదా? మోకాలి లోతన్న లేదు. నారు ముదిరిపోతున్నది. మా కూలి నువ్విస్తవా?"

"ఎగువ మబ్బు పట్టింది. ఎంత వస్తుందో చెప్పే అంకె నా దగ్గర లేదు. దాటొద్దు!"

ముత్తక్క వెనక్కి తిరిగి తన భాషలో ఏదో అన్నది. ట్రాలీ అంతా నవ్వింది. ఆ మాటకు అర్థం చాలా రోజుల తర్వాత నాకు చెప్పింది: "పట్నపామె వాగుకు పహరా కాస్తున్నది." ఆ రోజు మాత్రం తిట్లు తెలుగులోనే వచ్చాయి. వదిన చప్టా మొదట్లో రాయి మీద కూర్చుంది. ట్రాక్టర్ డ్రైవర్ రెండుసార్లు ఇంజన్ గర్జించేలా చేసి చూశాడు. ఆమె లేవలేదు.

జరిగింది జరిగినట్టు రాయాలి. ఆ రోజు వాగు పొంగలేదు. మధ్యాహ్నానికి మోకాళ్ళ దాకా వచ్చి తగ్గిపోయింది. జాగ్రత్తగా నడిపితే ట్రాక్టర్ దాటగలిగేదే. ఆడవాళ్ళకు ఒక రోజు పని పోయింది. రైతులు వదిన వినేట్టే గొణిగారు. మబ్బు విడిపోయి నీళ్ళు మళ్ళీ పాదాలకు దిగాక, ఆ మాటే నేను కూడా అడిగాను.

"వాగు రాలేదు గద వదినా. నువ్వు పొరపాటు పడ్డట్టే గద?"

"వస్తుందని చెప్పానా? తెలియదని చెప్పాను. అది పొరపాటు కాలేదు."

అని లోపలికి వెళ్ళింది. అక్కడ పంపు స్టార్టర్ ఇనుప పెట్టెను ముట్టుకుని కంప్యూటర్ మూత విప్పింది. యాదగిరిని సైకిల్ మీద చెక్ డ్యాంకు పంపి, బెండు దగ్గర తీగ పీకెయ్యమని చెప్పింది. అతను తిరిగి వచ్చి పీకానన్నాడు. తెర మీద రెండు అడుగుల మూడు అంగుళాలే ఉంది. అప్పుడు ఆ చిరునామాలో తానే ఒక తప్పుడు అంకె రాసి, మళ్ళీ చదివి చూసింది. తాను రాసిందే తిరిగి వచ్చింది.

"చూడు. కార్డైతే నేను రాసింది చెరిపేసి తన అంకె పెట్టుకుంటుంది. ఇది నా మాట నాకే అప్పజెబుతోంది. నేను మాట్లాడుతోంది కార్డుతో కాదు."

"మరి ఎవలతోని?"

"కొత్త మెమరీతో."

పోడు భూముల గొడవలు నేను ఏళ్ళ తరబడి రాశాను. అందుకని నాకు తెలిసిన దారిలోనే చెప్పింది. "ఒకే సర్వే నంబరు మీద ఇద్దరికి పట్టా ఇచ్చారని రాస్తుంటావు కదా అబ్బాయ్, ఇదీ అంతే. ఇలాంటి పాత కార్డులు పదిహేను, పదహారు మెగాబైట్ల నడుమ చోటు పెట్టుకుంటాయి. మెమరీ ఎనిమిదే ఉన్నంతకాలం అక్కడ ఇంకెవరూ లేరు. ఇప్పుడు మెమరీ పదహారుదాకా వచ్చి అదే నంబరు మీద కూర్చుంది. ఆ నంబరుతో పిలిస్తే ముందు పలికేది అదే. కార్డు దాకా పిలుపే పోదు."

"మరి రెండు అడుగుల మూడు అంగుళాలు ఎక్కడిది?"

"ఆపే ముందు ఉన్న చివరి అంకె. మిషన్ మళ్ళీ మొదలైనప్పుడు పాత అంకెను కార్డులో రాసిపెట్టే ఏర్పాటు నేనే చేశాను. అది వెళ్ళి మెమరీలో కూర్చుంది. ఆ చోటును ఇంకేదన్నా ప్రోగ్రాం వాడుకున్నా బాగుండేది. పిచ్చి అంకె వచ్చేది, యాదగిరికి అనుమానం వచ్చేది. నమ్మదగ్గ అంకె రావడమే మన ఖర్మ."

రెండు రోజుల తర్వాత సంఘం సమావేశం పంపుహౌస్ రేకుల కింద జరిగింది. రైతులు వచ్చారు. ముత్తక్క కూడా నలుగురిని వెంటబెట్టుకుని వాగు దాటి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ప్రెసిడెంటు గారి ముఖం చిన్నబోయి ఉంది.

"అంటే నేను పెట్టించిందే కొంప ముంచేదంటావా అమ్మా?"

"లేదండీ. మెమరీ పెంచడం తప్పు కాదు. ఎవరైనా పెంచుతారు. ఆ చోటు ఖాళీగా ఉందో లేదో డ్రైవర్ ముందు అడగాలి. ఉంటే తీసుకోవాలి, లేకపోతే నేను పనిచేయను అని చెప్పాలి. నేను రాసిన డ్రైవర్ అడగలేదు. నేరుగా వెళ్ళి తలుపు తీసేసింది. తప్పు మొత్తం నాది."

ఆమె తరఫున ఏదో ఒకటి అనాలని నాకు అనిపించింది. ఆమె నా వైపు చూసిన చూపుతో ఊరుకున్నాను.

"మెమరీ తీసి పక్కన పెడితే పాత మాదిరి నడుస్తుంది కదమ్మా?" అని ఒక రైతు అడిగాడు.

"నడుస్తుంది. రేపు తీగ తెగినా, కార్డు చచ్చినా ఇలాగే పాత అంకె చూపిస్తూ కూర్చుంటుంది. డ్రైవర్ మళ్ళీ రాస్తాను. రాసేదాకా గుంజకు ఎర్రగుడ్డే ఉంటుంది. ట్రాక్టర్ చప్టా మీదుగా రాకూడదు."

గోల లేచింది. నాట్ల కాలం. పై వంతెన మీదుగా తిరిగి రావాలంటే ఎంత దూరమో అందరూ ఒకేసారి చెప్పారు. గోల నడుమ ముత్తక్క గొంతు లేచింది.

"ఎన్ని దినాలు మేడమా?"

"చెప్పలేను."

"గది కూడ తెల్వదా?"

"తెలియదు ముత్తక్కా."

"మంచిగున్నది. ఈమెకు ఏది అడిగినా తెల్వదు. గిట్లాంటి మేడాన్ని నేనెన్నడు చూడలే." రైతులు నవ్వారు. నవ్వు ఆగాక ముత్తక్క నవ్వకుండా అన్నది: "తెలిసినోళ్ళు చెప్తే దాటినోళ్ళు మా గూడెంల పోయిండ్రు. మేం చుట్టు తిరిగొస్తం. ట్రాక్టర్ ఎవలిస్తరో చెప్పుండ్రి."

ప్రెసిడెంటు గారు తన ట్రాక్టర్ ఇస్తానన్నారు. ఆ సీజనంతా గూడెం ఆడవాళ్ళు పై వంతెన మీదుగానే వచ్చారు.

వదిన కాలేజీకి పోయే ముందు పొద్దుపొద్దున్నే పని చేసేది. వంట అన్న చేసేవాడు. కెర్నెల్ రాతను కాగితాల మీద అచ్చు తీయించుకుని, వాటిని చపాతీ పీట మీద పెట్టుకుని చదివేది. ప్రతి ఆదివారం ఖమ్మం నుంచి బస్సు. ఫ్లాపీలు వానకు తడవకుండా స్టీలు టిఫిన్ గిన్నెలో పెట్టి మూత బిగించేది. కండక్టర్ ఒకసారి వాసన రాని టిఫినేంటని అడిగితే, "ఇంకా ఉడకలేదు" అని చెప్పింది. నిజంగానే ఉడకలేదు. మొదటిసారి ఎక్కించిన డ్రైవర్ మిషన్ మొత్తాన్ని ఆపేసింది. రెండోసారి ఫ్లాపీ చదవలేదు. మూడోసారి కెర్నెల్ ఆ చోటు ఇవ్వనన్నది. ఆమె ఆ రోజు చాలా సంతోషంగా ఇంటికి వచ్చింది.

"ఇయ్యనంటే సంతోషమేంది?" అని మా అమ్మ అడిగింది.

"అక్కడ వేరేవాళ్ళు ఉన్నారని అదే చెప్పింది అత్తయ్యా. మొదటిసారి నిజం చెప్పింది."

ఇప్పుడు డ్రైవర్ కార్డు చిరునామా ఇచ్చి, దీన్ని ముడిపెట్టు అని కెర్నెల్‌ను అడుగుతుంది. అక్కడ మామూలు మెమరీ ఉంటే కెర్నెల్ ఒప్పుకోదు. డ్రైవర్ ఆగిపోతుంది, తెర మీద అంకె రాదు. ఆ తర్వాతి ఆదివారం వదిన మిషన్ సెట్టింగుల్లోకి పోయి, ఆ ఒక్క మెగాబైటు చోటును కార్డుకు వదిలేయమని పెట్టింది. పదహారులో ఒకటి పోయింది. "వాగుకు దానం ఇచ్చాం" అని ప్రెసిడెంటు గారు అందరికీ చెప్పుకున్నారు. అప్పుడు కెర్నెల్ ఒప్పుకుంది.

ఆమె అక్కడితో ఆగలేదు. కార్డు కొత్తగా కొలిచిన ప్రతిసారీ తనలోని ఒక లెక్కను ఒకటి పెంచుకుంటుంది. డ్రైవర్ ఆ లెక్కను కూడా చూస్తుంది. దాన్ని ఆమె నాడి అనేది. నాడి ఆడకపోతే తెర మీద పాత అంకె ఉండకూడదు. అంకె చోట నాలుగు అడ్డగీతలు రావాలి. తీగ తెగితే కొలత ఉండదు, కొలత లేకపోతే నాడి ఆడదు. గీతలు కనిపిస్తే యాదగిరి ఎర్రగుడ్డ కట్టాలి, ఎవరినీ అడగనక్కరలేదు. "పాత అంకెను కొత్త అంకెలా చూపించడం కంటే ఏమీ చూపించకపోవడం మేలు. మీ పేపర్‌కు కూడా పనికొస్తుంది, రాసుకో" అన్నది నాతో.

గుంజకు మళ్ళీ తెల్లగుడ్డ కట్టే ముందు గూడెం ఆడవాళ్ళను పిలిపించింది. వాళ్ళ ముందే తీగ పీకించింది. అంకె పోయి గీతలు వచ్చాయి. ముత్తక్క తెరకు దగ్గరగా వచ్చి చూసింది.

"గీతలంటే ఏంది?"

"నాకు తెలియదు అని."

"నీ లెక్కనే తయారుజేసినవ్ దీన్ని."

ఆ ఏటి నుంచి ప్రతి ఏడూ మృగశిర కార్తెకు ముందు ఆ పరీక్ష జరుగుతోంది. తీగ పీకాలి, గీతలు రావాలి. వస్తేనే ఆ ఏడు చప్టా మీద ట్రాక్టర్. మిషన్ పనిచేస్తోందా అని చూసే పరీక్షలు చాలాచోట్ల చూశాను. పనిచేయనప్పుడు ఆ మాట ఒప్పుకుంటుందా అని చూసేది ఇదొక్కటే నాకు తెలుసు.

తర్వాతి వానాకాలంలో ఒక ఉదయం గీతలు వాటంతట అవే వచ్చాయి. ఎగువన చెట్టు పడి తీగ తెగింది. యాదగిరి ఎర్రగుడ్డ కట్టాడు. చప్టా మీద నీళ్ళు పాదాలు మునిగేంతే ఉన్నాయి, పైన ఎండ కాస్తోంది. ముత్తక్క ట్రాక్టర్‌ను ఆపించింది. వెనుక వెదురు లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవర్ హారన్ కొట్టాడు.

"జరుగవ్వా. జల్దీ పోవాలె నేను. నీళ్ళెక్కడున్నయే?"

"అంకె లేదు. ఆగు."

"అంకెతోటి నాకేంది?"

"నాక్కూడ ఒకప్పుడు గట్లనే ఉండె. ఇంజన్ బంద్ చెయ్యి."

అతను తిడుతూనే బీడీ ముట్టించాడు. బీడీ అయిపోలేదు, వాగు వచ్చింది. చప్టా మాయమైంది. పక్కన పాతిన హద్దురాళ్ళు కూడా కనిపించలేదు. ఎండలోనే వచ్చింది. నేను మరునాడు వెళ్ళి అందరినీ విడివిడిగా అడిగి రాసుకున్నాను. లారీ డ్రైవర్ తాను తిట్టిన తిట్లతో సహా చెప్పాడు. వార్త పంపాను. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి డెస్క్ వాళ్ళు పేపర్లో వేయలేదు. వదినకు చెబితే, "ఏమీ కాలేదన్నది మీకు వార్త కాదుగా, మంచిదే. అలాగే ఉండనీ" అన్నది.

జబ్బు బయటపడ్డాక కూడా ఆమె ఆ పని వదల్లేదు. ఈ ఏడు మొదట్లో కొత్త కెర్నెల్ వచ్చింది. కార్డు మెమరీని ముడిపెట్టమని అడిగే పద్ధతి అందులో మారింది. దవాఖానాలో డయాలిసిస్ సూదులు పెట్టించుకుని పడుకునే రోజుల్లో, ఖాళీగా ఉన్న చేత్తో కాగితాలు తిప్పుతూ డ్రైవర్‌ను కొత్త పద్ధతికి మార్చింది. "ఇప్పుడున్నదే నడుస్తున్నది గద వదినా, గింత అవసరమా?" అన్నాను. "నడుస్తున్నప్పుడే మార్చాలి. మొదటిసారి తర్వాత చూద్దాంలే అనుకుని చప్టా మీద రాయెక్కి కూర్చోవాల్సి వచ్చింది" అన్నది. మార్చి నెలలో యాదగిరి ఖమ్మం వచ్చి ఆ ఫ్లాపీ తీసుకెళ్ళాడు. ఎక్కించాడు. పంపుహౌస్‌లో అంకె వస్తోంది. కానీ గీతలు వస్తాయో లేదో ఇంకా ఎవరూ చూడలేదు. తాను వచ్చి చూస్తానని చెప్పింది. రాలేకపోయింది.

సోమవారం చితి దగ్గర మంట తగ్గాక ప్రెసిడెంటు గారు ముత్తక్క పక్కకు వచ్చి నిలబడ్డారు. ఆయన కూడా ముసలివారయ్యారు.

"ఈ ఏటికి పరీక్ష ఆపుదాం ముత్తమ్మా. కనీసం దినం అయ్యేదాకా. అమ్మాయి లేకుండా ఎట్టా? అంకె వస్తోంది కదా."

"అంకె అప్పుడు కూడ వచ్చింది పటేలా."

ఆయన చితి వైపు తిరిగారు.

"మేడం పోయిందని వాగు ఆగుతదా? నాట్లు ఆగుతయా? కొత్తది ఎక్కిచ్చిండ్రు. అది తెల్వదు అంటదో అనదో చూడకుండ నా పిల్లలను ఎక్కియ్య నేను."

మా అన్న కొంచెం దూరంలో నిలబడి ఈ మాటలు విన్నాడు. వచ్చి, "ఆపకుండ్రి. నేను కూడ వస్త" అన్నాడు.

మా మేనమామ అడిగిన ప్రశ్నకు జవాబు ఇది. వాళ్ళు వదిన తరఫు.

పరీక్ష జూన్ మొదటి శనివారం, పొద్దున పది గంటలకు. యాదగిరి తెర ముందు కూర్చుంటాడు. గూడెం ఆడవాళ్ళు పంపుహౌస్‌లో నిలబడి చూస్తారు. ట్రాక్టర్ అవతలి గట్టునే ఆగి ఉంటుంది. ఇన్నేళ్ళూ చెక్ డ్యాం దగ్గర తీగ పీకే పని యాదగిరి మనుషులు చేసేవారు. ఈసారి తానే పోతానని ముత్తక్క చెప్పింది. గడియారం లేదంటే మా అన్న తన చేతి గడియారం విప్పి ఇచ్చాడు. సరిగ్గా పది గంటలకు ఆమె తీగ పీకుతుంది.